ఫారం గుడ్డు, నాటుగుడ్డు: మీ అత్తగారి అనుమానాలకు నా సమాధానం

మీరు అడిగినవి ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థం కావాలి కదా. మీ పాపకు ఏడాదిన్నర. రోజూ గుడ్డు పెట్టమని డాక్టరు చెప్పారు. ఫారం కోళ్ళకు ఇంజెక్షన్లు చేసి గుడ్లు పెట్టిస్తారు, అవి వద్దే వద్దని మీ అత్తగారు అంటున్నారు. ఊళ్ళో ఆవిడ ఎన్నో ఏళ్ళు కోళ్ళు పెంచారు కాబట్టి ఎదురు చెప్పలేకపోతున్నారు. కొట్లో నాటుగుడ్డని గోధుమరంగు గుడ్డును రెట్టింపు ధరకు అమ్ముతున్నారు. మొన్న ఒక గుడ్డులో రక్తపు చుక్క కనిపిస్తే, లోపల పిల్ల తయారవుతోందేమోనని పారేశారు. పైగా వాట్సాప్‌లో ప్లాస్టిక్ గుడ్ల వీడియో వచ్చింది. మామగారికేమో కొలెస్టరాల్ భయంతో పచ్చసొన తీసేసి పెడుతున్నారు.

నేను పశువైద్యుణ్ణి. నా సర్వీసులో ఎక్కువ భాగం అనపర్తి, పెద్దాపురం, తణుకు వైపు లేయర్ ఫారాల్లోనే, అంటే గుడ్ల కోసం కోళ్ళు పెంచేచోటే గడిచింది. ఇన్నేళ్ళలో నాకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది. గుడ్డు విషయంలో మనవాళ్ళు అక్కర్లేని వాటికి భయపడతారు, భయపడాల్సిన వాటిని పట్టించుకోరు. రంగు చూసి కొంటారు గానీ ఆ ట్రే ఎన్నాళ్ళు ఎండలో ఉందో అడగరు. లేని ఇంజెక్షన్ గురించి అడుగుతారు, ఉన్న యాంటీబయాటిక్ గురించి అడగరు. అందుకే కాస్త వివరంగానే రాస్తున్నాను.

మొదట ఒక తేడా చెప్పాలి. ఫారం కోడి అనగానే అందరికీ చికెన్ కొట్టు ముందు బుట్టల్లో ఉండే తెల్ల కోడి గుర్తొస్తుంది. అది బ్రాయిలర్. మాంసం కోసం పెంచుతారు, ఐదారు వారాలకే కోతకు వెళ్ళిపోతుంది. అంటే గుడ్డు పెట్టే వయసే దానికి రాదు. మీరు కొనే గుడ్డు లేయర్ కోడిది. దాని జాతి వేరు, మేత వేరు, షెడ్డు వేరు. వైట్ లెగ్‌హార్న్ అని ఇటలీ మూలాలున్న ఒక సన్నటి తెల్ల కోడి ఉంది, మన దగ్గర లేయర్లలో చాలా భాగం దాని సంతతే. 18 నుంచి 20 వారాల వయసులో గుడ్డు మొదలుపెడుతుంది, ఏడాదికి 300 దాకా పెడుతుంది. బ్రాయిలర్ గురించి విన్న కథలన్నీ గుడ్డుకు అంటగట్టడం దగ్గరే సగం గందరగోళం మొదలవుతోంది.

ఇక ఇంజెక్షన్ సంగతి. చనిపోయిన లేయర్ కోడిని పోస్టుమార్టం చేసేటప్పుడు కడుపు తెరిస్తే ఎడమవైపు, వెన్నెముకను ఆనుకుని, పసుపుపచ్చటి ద్రాక్షగుత్తిలా కనిపిస్తుంది అండాశయం. ఒక పచ్చసొన పూర్తి సైజులో ఉంటుంది, రేపటి గుడ్డు అదే. దాని పక్కది కాస్త చిన్నది, ఆ పక్కది ఇంకా చిన్నది. అలా తగ్గుకుంటూ చివరికి ఆవగింజంతవి వందల కొద్దీ ఉంటాయి. రోజూ ఒకటి పూర్తి సైజుకొచ్చి విడిపడి గుడ్డు గొట్టంలోకి జారుతుంది. అక్కడ సుమారు మూడు గంటల్లో తెల్లసొన చుట్టుకుంటుంది. ఇంకో గంటా గంటన్నరలో లోపలి పొరలు రెండూ ఏర్పడతాయి. పెంకు కట్టడానికి మాత్రం దాదాపు 20 గంటలు పడుతుంది. మొత్తం కలిపి 25, 26 గంటలు. అందుకే ఏ కోడి అయినా రోజూ ఒకే సమయానికి గుడ్డు పెట్టదు. నిన్న ఎనిమిదింటికి పెడితే ఇవాళ తొమ్మిది దాటుతుంది, అలా జరిగి జరిగి ఒకరోజు మానేస్తుంది. ఏ మందు ఇచ్చినా ఈ పెంకు కట్టే సమయం తగ్గదు. ఫారం కోడి చేత రోజుకు రెండు గుడ్లు పెట్టిస్తారనే మాట నిజం కావడానికి వీలు లేదు.

మరి నాటుకోడి ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడితే, ఇది మూడు వందలు ఎలా పెడుతోంది? కారణాలు మూడు. ఒకటి, జాతి ఎంపిక. తరాల తరబడి ఎక్కువ గుడ్లు పెట్టే కోళ్ళనే ఏరి, వాటి పిల్లల్నే పెంచుతూ వచ్చారు. రెండు, పొదుగు. నాటుపెట్ట పది పన్నెండు గుడ్లు పెట్టగానే పొదుగు మీద కూర్చుంటుంది. 21 రోజులు పొదిగి, ఆ తర్వాత పిల్లల్ని తిప్పుకుంటూ నెలల తరబడి గుడ్డు మానేస్తుంది. లేయర్ జాతిలో ఆ పొదుగు గుణాన్నే దాదాపు పోగొట్టారు. మూడు, వెలుతురు. కోడి మెదడుకు పుర్రె గుండా కూడా వెలుగు తెలుస్తుంది. పగలు పొడుగ్గా ఉంటే గుడ్లకు మంచి కాలమని దాని శరీరం అనుకుంటుంది. అందుకే ఫారాల్లో తెల్లవారుజామునో, సాయంత్రమో లైట్లు వేసి మొత్తం 16 గంటల వెలుతురు ఉండేలా చూస్తారు. రాత్రంతా లైట్లు వేసి నిద్రపోనివ్వరని కూడా అంటుంటారు. అది నిజం కాదు, మిగతా ఎనిమిది గంటలు చీకటే. ఆ చీకటి లేకపోతే కోడికే ఆరోగ్యం చెడుతుంది, రైతుకూ నష్టం.

మీ అత్తగారు ఇంజెక్షన్ అనడానికి ఆధారం లేకపోలేదు. ఫారాల్లో సిరంజి పట్టుకుని తిరిగేవాళ్ళను చాలామంది చూసే ఉంటారు. అవి టీకాలు. పిల్ల పుట్టిన రోజే, గుడ్లు పొదిగించే హేచరీలోనే, మారెక్స్ అనే జబ్బుకు టీకా పడుతుంది. తర్వాత గంబోరో అనే మరో జబ్బుకు, కొక్కెర తెగులుకు, మశూచికి వరసగా వేస్తారు. కొన్ని కంట్లో చుక్కలుగా, కొన్ని నీళ్ళల్లో, కొన్ని సూదితో. కొక్కెర తెగులు వచ్చిందంటే వారంలో ఊళ్ళో కోళ్ళన్నీ ఎలా తుడిచిపెట్టుకుపోతాయో ఆవిడకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది. గుడ్లు పెట్టే కోడిని పట్టుకుని సూది వేస్తే ఆ బెదురుకు గుడ్లు తగ్గుతాయి. అందుకే సూదితో వేయాల్సిన టీకాల్లో చాలావరకు గుడ్డుకు రాకముందే ముగించేస్తారు. వేలాది కోళ్ళున్న షెడ్డులో ఐదారు రూపాయల గుడ్డు కోసం ఒక్కోదానికీ రోజూ సూది వేయడం ఏ రైతుకూ గిట్టుబాటు కాదు.

రక్తపు చుక్క గురించి కూడా భయం వద్దు. లేయర్ షెడ్లలో పుంజు ఉండదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, అది దాని శరీర ధర్మం. పుంజు కలవని గుడ్డును 21 రోజులు కాదు, ఎన్నాళ్ళు పొదిగించినా పిల్ల రాదు. పచ్చసొన అండాశయం నుంచి విడిపడేటప్పుడు ఒక్కోసారి సన్నటి రక్తనాళం చిట్లుతుంది. ఆ చుక్కే పచ్చసొనకు అంటుకుని లోపల ఉండిపోతుంది. చెంచాతో తీసేసి వండుకోవచ్చు. అలాగే పచ్చసొనకు అటూ ఇటూ తెల్లగా మెలితిరిగిన తాడు లాంటిది కనిపిస్తే, అది పిల్ల తాలూకు పేగు అనుకుని తీసేసేవాళ్ళున్నారు. పచ్చసొనను మధ్యలో నిలిపి ఉంచే తాడు అది, ఎంత తాజా గుడ్డు అయితే అంత స్పష్టంగా కనిపిస్తుంది.

పుంజు తిరిగే పెరట్లో పెట్టిన నాటుగుడ్డుకే జీవం ఉండే అవకాశం ఎక్కువ. పుంజుతో ఒకసారి కలిస్తే ఆ తర్వాత రెండు వారాల దాకా కూడా పెట్ట పెట్టే గుడ్లకు జీవం ఉండొచ్చు. జీవహింస అనే కారణంతో ఫారం గుడ్డు వద్దని నాటుగుడ్డు తినేవాళ్ళకు ఈ సంగతి తెలిస్తే ఆశ్చర్యపోతారు. అయితే ఫారం గుడ్డు వెనక హింసే లేదని నేను అనను. హేచరీలో పిల్లలు పుట్టిన రోజే ఆడా మగా వేరు చేస్తారు. లేయర్ జాతి మగపిల్లలు గుడ్డుకూ పనికిరావు, మాంసానికీ లాభం కావు కాబట్టి వాటిని అక్కడికక్కడే చంపేస్తారు. తినేవాళ్ళు ఇది తెలుసుకుని తినాలి అనుకుంటాను.

రంగు దగ్గరికి వద్దాం. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, బలాన్ని బట్టి కాదు. గుడ్డు బయటికి వచ్చే ముందు చివరి కొన్ని గంటల్లో పెంకు పైపొరల మీద గోధుమరంగు పదార్థం పడుతుంది. గోధుమరంగు గుడ్డును పగలగొట్టి పెంకు లోపలివైపు చూడండి, బయటి కంటే బాగా తెల్లగా ఉంటుంది. లోపలున్న మాంసకృత్తులు తెల్లగుడ్డులో ఎంతో ఇందులోనూ అంతే. పైగా గోధుమరంగు గుడ్డల్లా నాటుగుడ్డు అనుకోకండి. గోధుమరంగు గుడ్లు పెట్టే ఫారం జాతులు ఎప్పటినుంచో ఉన్నాయి, బోనుల్లో, అదే మేతతో పెంచుతారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ అనే జాతుల్ని తయారుచేసింది. వాటి గుడ్లూ ఆ రంగులోనే ఉంటాయి. చిన్న గుడ్డు అయితే నాటుదే అన్న లెక్క కూడా తప్పే. ఫారంలో కొత్తగా గుడ్డుకొచ్చిన కోడి మొదటి వారాల్లో చిన్న గుడ్లే పెడుతుంది. రంగూ, సైజూ రెండూ కలిసొస్తే కొట్టువాడు నాటుగుడ్డని అమ్మడం ఎంత తేలికో చూడండి. కడక్‌నాథ్ పేరుతో ఇంకా ఎక్కువ ధర పెట్టి కొనేవాళ్ళున్నారు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కోడి అది, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాని చర్మం, మాంసం, ఎముకలు కూడా నల్లగా ఉంటాయి. గుడ్డు మాత్రం లేత గోధుమరంగే. ఎవరైనా నల్లగుడ్డు చూపించి కడక్‌నాథ్ అంటే కొనకండి.

పచ్చసొన ముదురు రంగులో ఉంటే బలమనే మాట కూడా పూర్తిగా నిలవదు. ఆ రంగు మేత నుంచి వస్తుంది. పసుపు మొక్కజొన్న, ఆకుకూర, బంతిపూల పొడి తింటే నారింజరంగుకు తిరుగుతుంది. మొక్కజొన్న ధర పెరిగి మేతలో నూకలు ఎక్కువ కలిపినప్పుడు అదే షెడ్డులో, అవే కోళ్ళ గుడ్లలో పచ్చసొన పాలిపోతుంది. పెరట్లో పురుగూ పుట్రా, గడ్డీ గాదం తిని తిరిగే కోడి గుడ్డులో కొన్ని విటమిన్లు, మంచి కొవ్వులు కాస్త ఎక్కువ ఉండొచ్చు. ఆ మేరకు మీ అత్తగారి మాటలో నిజం ఉంది. ఆ తేడా తిన్న మేత వల్ల వచ్చింది. రుచి కోసం, ఇష్టం కోసం నాటుగుడ్డు కొనుక్కోండి, అందులో తప్పేమీ లేదు. పాపకు రోజుకు ఒక నాటుగుడ్డు కొనలేక వారానికి రెండుతో సరిపెడుతున్నామని రాశారే, అదే నాకు బాధ కలిగించింది. రోజూ ఒక మామూలు తెల్లగుడ్డు ఆ పిల్లకు ఎంతో ఎక్కువ మేలు చేస్తుంది.

ఊళ్ళో కోళ్ళు పెంచినవాళ్ళ దగ్గర వినపడే మాటలు మరికొన్ని ఉన్నాయి. ఆవిడతో మాట్లాడేటప్పుడు మీకు పనికొస్తాయి. పొడుగు గుడ్డులోంచి పుంజు, గుండ్రటి గుడ్డులోంచి పెట్ట వస్తుందని పొదుగుకు గుడ్లు ఏరి పెడతారు. ఆడా మగా అనేది తల్లికోడి వైపు నుంచే, అదీ పచ్చసొన అండాశయం విడిచేనాటికే తేలిపోతుంది. పెంకు ఆకారం ఆ తర్వాత గుడ్డు గొట్టంలో వస్తుంది. ఒక పెట్టకు పొడుగు గుడ్లు పెట్టడం అలవాటైతే పుంజులకీ పెట్టలకీ అవే పెడుతుంది.

పొదుగులో ఉండగా ఉరిమితే గుడ్లు మురిగిపోతాయని గంపలో ఇనపముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ పెట్టే అలవాటు మన పల్లెల్లో చాలాచోట్ల ఉంది. ఉరుముకు గుడ్డు మురగదు. కానీ ఆ కాలంలో గుడ్లు మురగడం మాత్రం నిజం, దానికి కారణం వేరు. ఉరుములు వచ్చేది ఎండాకాలం చివర. పెట్ట పన్నెండు గుడ్లు పెట్టడానికి రెండు వారాలకు పైనే పడుతుంది. అన్నాళ్ళూ ఆ గుడ్లు ఇంట్లో 38, 40 డిగ్రీల వేడిలో ఉంటాయి. 27 డిగ్రీలు దాటితే చాలు, పొదగకుండానే లోపలి పిండం కొద్దికొద్దిగా ఎదగడం మొదలుపెడుతుంది. కావలసినంత వేడి నిలకడగా అందక మధ్యలోనే చచ్చిపోతుంది. తర్వాత పెట్టను కూర్చోబెట్టినా అవి పిల్లలు కావు, లోపలే కుళ్ళుతాయి. అదే సమయానికి ఉరుములు వస్తాయి కాబట్టి నింద వాటి మీద పడుతుంది. వేసవిలో పొదుగుకు పెట్టే గుడ్లను తడి ఇసుక మీద కుండలో, నీడపట్టున ఉంచి, వారం పదిరోజుల లోపువే పెట్టమని నేను రైతులకు చెబుతూ వచ్చాను. ఏడో రోజు రాత్రి చీకట్లో టార్చిలైటు పెట్టి చూస్తే, జీవమున్న గుడ్డులో నల్లటి చుక్క, దాని చుట్టూ ఎర్రటి నరాలు కనిపిస్తాయి. ఏమీ లేకుండా వెలుగు సూటిగా దూసుకొచ్చేవి తీసేయొచ్చు. ఇది చూపించినచోటల్లా ఉరుము మాట తగ్గింది.

పెట్ట కూస్తే ఇంటికి అరిష్టమని ఆ సాయంత్రమే కోసేస్తారు. పెట్టకు రెండు అండాశయాలు మొలకెత్తినా పనిచేసేది ఎడమదొక్కటే. గడ్డ వల్లో, జబ్బు వల్లో అది పాడైతే, కుడివైపు ముడుచుకుని ఉన్నది పెరిగి మగ హార్మోన్లు వదలడం మొదలుపెడుతుంది. అప్పుడు జుట్టు పెరుగుతుంది, కాలికి ముల్లు వస్తుంది, కూత కూడా వస్తుంది. జబ్బు చేసిన కోడి అది, అంతకుమించి దానికి ఏ అర్థమూ లేదు. పుంజు వెలుగు చూసే కూస్తుందనడం కూడా సగమే నిజం. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్ళు 2013లో పుంజుల్ని రోజంతా ఒకేలా మసక వెలుతురున్న గదిలో ఉంచి చూశారు. తెల్లవారే వేళకు అవి లోపలి గడియారాన్ని బట్టే కూశాయి. గుంపులో పెత్తనం చేసే పుంజు ముందు కూస్తుందని, మిగతావి దాని వెనక వరసగా అందుకుంటాయని ఆ తర్వాత తేల్చారు.

వేసవిలో గుడ్డు వేడి చేస్తుందనేది మన రెండు రాష్ట్రాల్లోనూ గట్టిగా పాతుకుపోయిన మాట. మాంసకృత్తులు అరిగేటప్పుడు శరీరంలో కొంచెం వేడి పుట్టడం నిజమే, పప్పు తిన్నా అంతే. రోజుకొక గుడ్డుతో పిల్లకు వేడి చేయదు. అసలు ఎండ బాధ గుడ్డుదీ కోడిదీ. కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు. మే నెలలో షెడ్డులోకి వెళితే నోళ్ళు తెరిచి, రెక్కలు విడదీసి ఎగరోజుతున్న కోళ్ళే వరసంతా కనిపిస్తాయి. అలా ఎగరోజితే రక్తంలోంచి కార్బన్ డయాక్సైడు ఎక్కువగా పోతుంది, పెంకు కట్టడానికి కావలసిన సరుకు తగ్గుతుంది. మేత కూడా సరిగా తినదు. పెంకు పలచబడుతుంది, తోలుగుడ్లు పడతాయి. ఈ రోజుల్లో మేతలో తినేసోడా కలపడం, మధ్యాహ్నం గోనెపట్టాలు తడిపి కట్టడం, కప్పు మీద నీళ్ళు చల్లడం ఇందుకే. పలచని పెంకు ఇంకా తొందరగా చిట్లుతుంది, చిట్లినచోట క్రిములు చేరతాయి. వేసవిలో గుడ్డు తిని కడుపు పాడైందంటే, గుడ్డు గుణం కంటే అది నిల్వ ఉన్న తీరునే నేను ముందు అనుమానిస్తాను. బయట వేడిలో ఒక్కరోజు ఉంటే ఫ్రిజ్‌లో వారం ఉన్నంత ముదురుతుంది.

ముదరడం అంటే ఏమిటో తెలిస్తే ప్లాస్టిక్ గుడ్ల వీడియో కూడా అర్థమవుతుంది. పెంకుకు కంటికి కనపడని వేల రంధ్రాలుంటాయి. వాటిగుండా తేమ, గాలి బయటికి పోతుంటాయి. బోడివైపు గాలిగది పెద్దదవుతుంది, తెల్లసొన నీరవుతుంది, లోపలి పొర ఎండి కాగితంలా లేచివస్తుంది. ఆ పొర లాగి చూపించి, ప్లాస్టిక్ అని వీడియో తీస్తారు. 2017లో కోల్‌కతాలో ఈ గొడవ బాగా రేగింది. ప్లాస్టిక్ గుడ్లంటూ ఏవీ లేవని జాతీయ ఆహార భద్రతా సంస్థ వివరణ ఇచ్చింది. పెంకు, రెండు పొరలు, గాలిగది, తాడు, పచ్చసొన అన్నీ చేత్తో తయారుచేసి ఆరు రూపాయలకు ఎవరూ అమ్మలేరు.

తాజాదనం తెలుసుకోవాలంటే గిన్నెడు నీళ్ళు చాలు. అడుగున అడ్డంగా పడుకుంటే తాజాది. అడుగునే ఉండి నిలబడితే కొంత పాతది, ఉడికించి తినొచ్చు. పైకి తేలితే బాగా పాతది, పిల్లకు వద్దు. తేలినదల్లా కుళ్ళిందని కాదు, గాలిగది పెరిగిందని మాత్రమే. కొని తెచ్చిన వెంటనే గుడ్లు కడిగి పెట్టుకునే అలవాటుంటే మానేయండి. పెంకు మీద సహజంగా ఉండే సన్నటి పూత కడిగితే పోతుంది. చన్నీళ్ళలో పెడితే లోపలిది ముడుచుకుని బయటి మురికి నీటిని రంధ్రాల గుండా పీలుస్తుంది. మురికి ఉంటే పొడిగుడ్డతో తుడిచి ఫ్రిజ్‌లో పెట్టండి, వండే ముందు కడగండి. ఉడికించిన గుడ్డులో పచ్చసొన చుట్టూ ఆకుపచ్చటి గీత వస్తే మందు కలిపారని కాదు. ఎక్కువసేపు ఉడకడం వల్ల తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఆ రంగు వస్తుంది, తినొచ్చు. తాజా గుడ్డుకు పెంకు సరిగా ఊడదు, నాలుగైదు రోజులు ఆగినదానికి చక్కగా ఊడుతుంది.

పచ్చిగుడ్డు పాలలో కొట్టుకుని తాగితే బలమని పాపకు గానీ, ఇంట్లో మరెవరికి గానీ ఇవ్వకండి. 1998లో బెల్జియంలో మనుషుల మీదే చేసిన పరీక్షలో, ఉడికిన గుడ్డులోని మాంసకృత్తులు సుమారు 91 శాతం అరిగితే, పచ్చిగుడ్డులోవి 51 శాతమే అరిగాయి. పచ్చి తెల్లసొన బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి పట్టనివ్వదు. కడుపు పాడుచేసే సాల్మొనెల్లా అనే క్రిమి భయం ఎలాగూ ఉంది.

మామగారి పచ్చసొన విషయం. ఒక గుడ్డులో దాదాపు 200 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ ఉంటుంది, అంతా పచ్చసొనలోనే. అయితే మన రక్తంలో ఉండే కొలెస్టరాల్‌లో ఎక్కువ భాగం కాలేయమే తయారుచేస్తుంది. రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదని పెట్టుకున్న హద్దును అమెరికా ఆహార మార్గదర్శకాల్లో 2015లో తీసేశారు. విటమిన్ ఎ, డి, బి12, కోలిన్ ఉండేది ఆ పచ్చసొనలోనే. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకొక పూర్తి గుడ్డు ఇబ్బంది పెట్టదు. మామగారికి షుగరో, గుండెజబ్బో ఉంటే మాత్రం ఆయన డాక్టరును అడిగి పెట్టండి. బాలింతకు గుడ్డు పెట్టకూడదనే మాట కూడా మీ ఇంట్లో ఉందేమో చూసుకోండి. తెలంగాణ అంగన్‌వాడీల్లో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకూ బాలింతలకూ భోజనంతో పాటు గుడ్డు పెడుతున్నది ఆ సమయంలో వాళ్ళకు మాంసకృత్తులు ఎక్కువ కావాలనే.

బ్రాయిలర్ హార్మోన్ల గురించి మీరు అడగలేదు, కానీ ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. చికెన్ తింటే ఆడపిల్లలు త్వరగా పెద్దమనుషులవుతారని అంటారు. ఎదుగుదల హార్మోన్ ఒక మాంసకృత్తి. మేతలో కలిపితే పప్పులాగే అరిగిపోతుంది, పనిచేయాలంటే కోడికోడికీ పదేపదే సూది వేయాలి. అవసరమూ లేదు. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు 1957, 1978, 2005 నాటి బ్రాయిలర్ జాతుల్ని ఒకే మేతతో, ఒకేలా పెంచారు. 56వ రోజుకు మొదటిది 905 గ్రాములు, రెండోది 1,808, మూడోది 4,202 గ్రాములు తూగాయి. అంత తేడా జాతి ఎంపికతోనే వచ్చింది. ఆడపిల్లలు త్వరగా ఎదగడానికీ, ఈ రోజుల్లో పిల్లల ఒంటి బరువు పెరగడానికీ సంబంధం ఉంది. చికెన్ ముక్క కంటే నూనెలో వేగినవీ, తీపివీ, ఆటలు లేకపోవడమూ చూసుకోవాలి.

ఇప్పుడు నిజంగా అడగాల్సినవి. ఒకటి, యాంటీబయాటిక్స్. జబ్బు చేసిన మందకు మందు వాడటం తప్పు కాదు. వాడిన తర్వాత నిర్ణీత రోజులు ఆ గుడ్లు అమ్మకూడదు. రోజూ లోడు ఎత్తే ఫారంలో ఆ రోజుల గుడ్లు పారబోయడమంటే రైతుకు ప్రాణం పోయినంత పని, కొందరు పాటించరు. జబ్బు లేకపోయినా ముందుజాగ్రత్తగా మేతలో కలిపేవాళ్ళను నేను చూశాను, వాదించాను. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకోవాల్సిన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్ళకు వాడకుండా 2019లో కేంద్రం నిషేధించింది. అంతకుముందు అది ఎంత విచ్చలవిడిగా వాడేవారో ఈ రంగంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఇలా మందులు వాడటం వల్ల వచ్చే ముప్పు, జబ్బు చేసే క్రిములు మందుకు లొంగకుండా తయారవడం. అది గుడ్డు తినని వాళ్ళ ఇంటికీ వస్తుంది. కొనేవాళ్ళు గోధుమరంగు కోసం ఇచ్చే ఆ రెట్టింపు ధరను, మందుల వాడకం లెక్క రాసి చూపించే ఫారానికి ఇస్తే ఈ రంగం మారుతుంది.

రెండు, బోను. లేయర్ కోడికి బోనులో దక్కే చోటు ఏ4 కాగితం అంత కూడా ఉండదు. రెక్క పూర్తిగా చాపలేదు, మట్టిలో పొర్లాడలేదు, గుడ్డు పెట్టడానికి చాటు వెతుక్కోలేదు. కోడికి ఇవన్నీ పుట్టుకతో వచ్చిన అవసరాలు. ఒకదాన్నొకటి పొడుచుకోకుండా చిన్నప్పుడే ముక్కు కొస కత్తిరిస్తారు. ఇవి గుడ్డు పోషణను తగ్గించవు, అలాగని ఊరుకోవాల్సినవీ కావు. చోటు పెంచితే గుడ్డు ధర కొంత పెరుగుతుంది, ఆ పెంపును ఒప్పుకునే కొనుగోలుదారులు కావాలి.

బర్డ్ ఫ్లూ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు దగ్గర అది బయటపడినప్పుడు జనం ఒక్కసారిగా గుడ్డు మానేశారు. జబ్బు వచ్చిన చుట్టుపక్కల కోళ్ళనూ గుడ్లనూ పూడ్చేస్తారు, రవాణా ఆపుతారు. 70 డిగ్రీలకు ఆ వైరస్ చస్తుంది. బాగా ఉడికిన గుడ్డు నుంచి భయం లేదు. పచ్చిమాంసం కోసే చెయ్యి, కత్తి, పీట సబ్బుతో కడగడం మాత్రం ఎప్పుడైనా పాటించాలి.

అమ్మా, పాపకు గుడ్డు నీళ్ళు మరిగిన తర్వాత పది పన్నెండు నిమిషాలు ఉంచి, పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించండి. ఒకేసారి మింగలేకపోతే పచ్చసొన అన్నంలో మెదిపి, తెల్లసొన చిన్న ముక్కలుగా వేరే పూట పెట్టండి. తిన్నాక ఒంటి మీద దద్దుర్లు, వాంతులు కనిపిస్తే ఆపి డాక్టరుకు చూపించండి, కొందరు పిల్లలకు గుడ్డు పడదు. ఒకేసారి ముప్ఫై గుడ్ల ట్రే తెచ్చుకోకుండా వారానికి సరిపడా కొనండి. కొట్టు ముందు ఎండ తగిలేచోట పేర్చి ఉంటే, అవి ఏ రంగువైనా సరే, పక్క కొట్టులో తీసుకోండి.